నాన్న చొక్కా మీద తెల్ల చుక్కలు

మా నాన్నకు రంగు చొక్కా ఏది కుట్టించినా ఆరు నెలలు తిరక్కుండా చుక్కల చొక్కా అయిపోయేది. కుడి చేతి మడత దగ్గర, బొత్తాల పట్టీ కింద, జేబు అంచున చిన్న చిన్న తెల్ల చుక్కలు. కొన్ని ఆవగింజంత, కొన్ని పెసరగింజంత. అమ్మ ఎంత రుద్దినా పోయేవి కావు. పోవడానికి అవి మరకలైతే కదా, రంగు ఎగిరిపోయిన చోట్లు. "ఈయన చొక్కాలక్కూడా అమ్మవారు పోసింది" అని అమ్మ ఎగతాళి చేసేది.

నాన్న ప్రైమరీ హెల్త్ సెంటర్లో హెల్త్ ఇన్‌స్పెక్టరు. బందరుకీ పెడనకీ మధ్య పల్లెటూళ్ళు కొన్ని ఆయన కింద ఉండేవి. టీకాలు, మలేరియా రక్తపు స్లైడులు, జనన మరణాల లెక్కలు అన్నీ ఆయన పనే అయినా ఊళ్ళో జనానికి గుర్తున్నది ఒక్కటే. బావుల్లో బ్లీచింగ్ పౌడరు కలిపే మనిషి. చాలామందికి ఆయన పేరు కూడా తెలీదు. "బ్లీచింగు గారు" అనేవాళ్ళు. నేను బ్లీచింగు గారబ్బాయిని. బళ్ళో దాన్ని ఇంకా కుదించి "పౌడరుగాడు" చేశారు.

సైకిలు సందు మొదట్లో ఉండగానే వాసన ఇంటికొచ్చేసేది. ఆ వాసన చాలామందికి ఆసుపత్రి, లేదంటే రైల్వేస్టేషన్లో మరుగుదొడ్డి. నాకు మాత్రం సాయంత్రం ఆరు గంటలు, క్యారేజీ చప్పుడు, సంచీలో ఎప్పుడైనా పెడన నుంచి తెచ్చిన జంతికల పొట్లం.

వానాకాలం వచ్చిందంటే నాన్న కొంచెం పౌడరు ఇంట్లోనే ఉంచుకునేవాడు. అర్ధరాత్రి ఎవరింట్లోనో వాంతులు, విరేచనాలు అని కబురొస్తే సెంటరు తాళం తీయించి తెచ్చే టైము ఉండదు కదా. దాన్ని ఎందులో పొయ్యాలన్నది మా ఇంట్లో పెద్ద తగువు. రేకు డబ్బాలో పోస్తే కొన్నాళ్ళకే మూత తుప్పు పట్టి, చిల్లులు పడి, చేత్తో పట్టుకుంటే పొడిగా రాలేది. గుడ్డ సంచీలో అయితే గాలి తగిలి పౌడరు చచ్చిపోతుంది. చివరికి ఆయన కళ్ళు అమ్మ ఆవకాయ జాడీ మీద పడ్డాయి. అమ్మమ్మగారింటి నుంచి వచ్చిన జాడీ అది. గోధుమరంగు మెడ, తెల్లటి పొట్ట. దాని మూతికి వాసెన కట్టి, మంచం కింద చీకట్లో పెట్టేశాడు. ఆ ఏడాది మాగాయి చిన్న జాడీలో ఇరుక్కుంది. అమ్మ ఆ మాట పదేళ్ళ పాటు అందరికీ చెప్పింది.

చీకటి, చల్లదనం, పొడిదనం. ఈ మూడూ లేకపోతే బ్లీచింగ్ పౌడరు ఉత్త సున్నం కింద లెక్క అనేవాడు నాన్న. కొత్తగా వచ్చిన పౌడర్లో నూటికి 33 పాళ్ళ దాకా పనికొచ్చే క్లోరిన్ ఉంటుంది. మూట విప్పి వదిలేస్తే రోజురోజుకూ తగ్గిపోతుంది. చూడ్డానికి ఏ తేడా తెలీదు, అదే తెలుపు, అదే బరువు. నాన్న కొంచెం అరచేతిలో పోసుకుని దూరంగా పెట్టి వాసన చూసేవాడు. కళ్ళు చెమర్చకపోతే "ఇది చచ్చిందిరా" అని పక్కన పెట్టేసేవాడు.

అయితే ముక్కు మీద భారం వేసి బావిలో మందు కలపరు. దానికో చెక్కపెట్టె ఉండేది. నా చిన్నతనంలో నేను చూసిన వస్తువులన్నిట్లోకీ అందమైనది అదే. లోపల ఆరు తెల్ల కప్పులు, ఒక నల్ల కప్పు, రెండు చిన్న చెంచాలు, గాజు పుల్లలు, చుక్కలు వేసే గొట్టాలు, ఒక మందు సీసా. హారక్స్ పెట్టె అనేవాడు. హారక్స్ బ్రిటిష్ సైన్యంలో డాక్టరట. సిపాయిలు ఎక్కడపడితే అక్కడ నీళ్ళు తాగి చావకుండా ఉండటానికి ఆయన కనిపెట్టిన లెక్క.

ఆ లెక్క మా అరుగు మీదే జరిగేది. నల్ల కప్పులో ఒక చెంచా పౌడరు, పైన అంచుకు కోసినట్టు సమంగా, అంటే 2 గ్రాములు. కొంచెం నీళ్ళతో మెత్తగా నూరి, లోపల ఉన్న గీత దాకా నీళ్ళు పోసి కలిపి తేర్చాలి. ఆరు తెల్ల కప్పుల్లోనూ బావి నీళ్ళు. నల్ల కప్పులోని తేట మొదటి దాంట్లో ఒక చుక్క, రెండో దాంట్లో రెండు, అలా ఆరో దాంట్లో ఆరు. ఒక్కోటీ గాజు పుల్లతో కలిపి అరగంట ఆగాలి. ఆ తర్వాత సీసాలోని మందు ఒక్కో కప్పులో మూడేసి చుక్కలు. అందులో ఉండేది పిండి గంజి, అయొడైడు. నీళ్ళలో మురికిని చంపాక కూడా క్లోరిన్ మిగిలి ఉంటే కప్పు నీలమైపోతుంది. మిగలకపోతే అలాగే ఉంటుంది.

మూడో చుక్క పడగానే అరుగు మీద పిల్లలందరం ఊపిరి బిగబట్టేవాళ్ళం. గోళీలు పందెం. ఒకడు నాలుగో కప్పంటాడు, ఒకడు రెండో కప్పంటాడు. తెల్లటి కప్పులో నీళ్ళు ఉన్నట్టుండి నీలిమందు కలిపినట్టు తిరిగిపోవడం చూస్తే వేరే గారడీ అక్కర్లేదు. నీలం స్పష్టంగా కనిపించిన మొదటి కప్పే లెక్క. మూడో కప్పయితే 455 లీటర్ల నీళ్ళకు మూడు చెంచాలు, అంటే 6 గ్రాములు. ఈ 455 ఏంటి నాన్నా, 500 పెట్టుకోవచ్చుగా అని అడిగితే, "దొర వంద గ్యాలన్లు అనుకున్నాడు, మనకు అది 455 అయి కూర్చుంది" అన్నాడు. ఆయన లెక్కలన్నిట్లో నాకు ఇప్పటికీ నోటికొచ్చింది ఇదొక్కటే.

ఆ అరగంటలో మమ్మల్ని కదలకుండా కూర్చోబెట్టడానికి కథలు చెప్పేవాడు. ఎక్కువసార్లు చెప్పింది వియన్నా డాక్టరు కథ. సెమ్మెల్వైస్. ఆసుపత్రిలో కాన్పుల వార్డులు రెండు. ఒకటి మంత్రసానులది, ఒకటి డాక్టర్లది. డాక్టర్ల వార్డులోనే బాలింతలు ఎక్కువమంది జ్వరమొచ్చి పోతున్నారు. ఆ డాక్టర్లు పొద్దున్నే శవాలు కోసి, అవే చేతులతో కాన్పులు చేస్తున్నారని ఆయన పట్టుకున్నాడు. 1847లో, సూక్ష్మక్రిముల వల్ల జబ్బులొస్తాయన్న సంగతి లోకానికి ఇంకా తెలియకముందు. చేతులు సబ్బుతో కడిగినా శవం వాసన పోవడం లేదు. క్లోరిన్ సున్నపు నీళ్ళలో ముంచితే పోతోంది. వాసన పోయిందంటే వాసనతో పాటు అంటుకున్నదేదో కూడా పోయి ఉంటుందని అందరికీ అదే రూలు పెట్టాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జులైకి నూటికి ఒకరు. "మరి ఆయనకు బహుమతి ఇచ్చారా?" అని ఎవడో ఒకడు అడిగేవాడు. "ఇచ్చార్రా, పిచ్చాసుపత్రిలో వేశారు. అక్కడే పోయాడు" అని చెప్పి నాన్న గడియారం చూసుకునేవాడు. "ఆ, అరగంటయింది. సీసా ఇలా ఇయ్యి."

బావిలో కలపడం మాత్రం రాత్రి భోజనాలయ్యాకే. ఆఖరి బిందె తోడుకుని వెళ్ళాక. తాడుకు రాయి కట్టి లోతు చూసి, బావి అడ్డం కొలిచి, నీళ్ళెన్నో లెక్క కట్టి, పౌడరు బకెట్లో వేసి ముందు ముద్దలా కలిపి, ముప్పావు బకెట్టు నీళ్ళు పోసి పది నిమిషాలు వదిలేసేవాడు. తెల్లటి తేట పైకి, సున్నం అడుక్కి. తేటను ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో నీళ్ళ లోపలి దాకా దించి, పైకీ కిందికీ గట్టిగా ఆడించాలి. లాంతరు పట్టుకోవడం నా డ్యూటీ. లోపల నుంచి గుబగుబమని చప్పుడు, దాని వెనకే ఆ వాసన.

పొద్దున్నే ఫిర్యాదులు మొదలు. కాఫీ చెడిందని, పాలు విరిగాయని. ఎదురింటి మామ్మగారికైతే ఒకటే గొడవ. "ఇనస్పెట్రు గారూ, మీ మందు పడ్డ రోజున మా కందిపప్పు ఉడకదండీ." నాన్న ఒకరోజు ఆవిణ్ణి పిలిచి, బకెట్టు అడుగున మిగిలిన సున్నపు మడ్డిని చూపించాడు. "పప్పు ఉడక్కుండా చేసేది ఇదీ పిన్నిగారూ. దీన్ని నేను బావిలో పొయ్యను, ఇదిగో ఇలా పారబోస్తా." ఆవిడ అంతా విని, "ఏమోనండీ, పప్పు మాత్రం ఉడకదు" అని వెళ్ళిపోయింది.

1977 నవంబరు 19 రాత్రి తుఫాను గురించి కృష్ణా జిల్లా వాళ్ళకు చెప్పక్కర్లేదు. నాకప్పుడు పదకొండేళ్ళు. మా ఇంటి పెంకులు లేచిపోయాయి, గొడ్లపాక పడిపోయింది. అంతకు మించి మాకు నష్టం లేదు. దివిసీమలో సముద్రమే ఊళ్ళ మీదకొచ్చింది. రెండో రోజు నాన్నకు కబురొచ్చింది, అవనిగడ్డ వైపు వెళ్ళమని. పౌడరు మూటలతో పాటు లారీ ఎక్కాడు. చెక్కపెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం గుర్తుంది.

ఇరవై రెండు రోజుల తర్వాత తిరిగొచ్చాడు. వెళ్ళినప్పుడు వేసుకున్నది కాఫీపొడి రంగు చొక్కా. వచ్చేటప్పటికి దాని ముందు భాగం రంగు లేదు. చుక్కలు చుక్కలు కలిసిపోయి, బొత్తాల నుంచి జేబు దాకా ఒకటే పాలిపోయిన తెలుపు. వీపు మాత్రం కాఫీ రంగే. అమ్మ వాకిట్లోనే ఆపి నీళ్ళు పోసింది. ఎగతాళి చెయ్యలేదు.

అక్కడ చూసిందేదీ ఆయన మాకు చెప్పలేదు. ఎప్పుడో ఒకసారి ఎవరో చుట్టం అడిగితే, "బావులన్నీ ఉప్పుకట్టాయండీ. నీళ్ళు తోడించి, కడిగించి, మందు వేశాం. పురుగును చంపుతుంది గానీ ఉప్పుకు నా దగ్గర మందు లేదు" అన్నాడు. ఆ చెక్కపెట్టెలో ఒక తెల్ల కప్పు తక్కువొచ్చింది. ఏమైందో మేం అడగలేదు. ఆ తర్వాత ఆరో కప్పు స్థానంలో మా ఇంటి పింగాణీ కప్పు చేరింది. పువ్వుల డిజైనుది. దాంట్లో నీలం సరిగా కనపడేది కాదు.

నాన్నకు క్లోరిన్ అంటే నీళ్ళు. అమ్మకు తెలుపు. ఈ ఇద్దరి మధ్యా అసలు రాజీ లేదు.

అమ్మ పుట్టిల్లు పెడన. అద్దకం పని చేసేవాళ్ళ వీధి పక్కనే ఇల్లు. వేసవి సెలవుల్లో కాలవ గట్టున ఎటు చూసినా గుడ్డలే. మగ్గం మీద నుంచి వచ్చిన కోరా గుడ్డ కొంచెం మట్టి రంగులో ఉంటుంది. దాన్ని పేడ నీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో పరిచి, ఆరుతున్న కొద్దీ నీళ్ళు చల్లి, మళ్ళీ పేడ, మళ్ళీ ఎండ. అలా తెల్లబడ్డాకే కరక్కాయ, గేదె పాలు, అచ్చులు. పేడతో తెలుపేంటని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఇంట్లో బట్టలు రేవుకెళ్ళి ఉబ్బ వేయించుకుని వచ్చేవి. చౌడు మట్టి, బాన, ఆవిరి, బండ, ఎండ. మూట మీద బట్ట అంచున నల్లజీడి గుర్తు. మాది మూడు చుక్కలూ ఒక గీత. తర్వాత ఇంట్లో నీలిమందు, గంజి. పంచె దండెం మీద ఆరేస్తే రేకులా నిలబడేది. ఇదీ అమ్మ చూసిన తెలుపు. దానికి రోజులు పడుతుంది, ఎండ కావాలి, ఎవరో ఒకరి నడుం విరగాలి.

ఐరోపాలోనూ అంతేనట ఒకప్పుడు. బందరు కాలేజీలో కెమిస్ట్రీ చదివేటప్పుడు తెలిసింది. హాలండులో నార బట్టలు పచ్చిక మీద నెలల తరబడి ఆరేసి, పుల్ల మజ్జిగలో నానబెట్టి తెల్లబరిచేవాళ్ళు. మనకు పేడ, వాళ్ళకు మజ్జిగ. 1774లో స్వీడన్‌లో షీలే అనే మందుల దుకాణం మనిషి ఒక నల్ల ఖనిజం మీద ఉప్పు ఆమ్లం పోస్తే పసుపు కలిసిన ఆకుపచ్చ వాయువొచ్చింది. పువ్వుల రంగు, ఆకుల రంగు పోగొడుతోందని ఆయనే రాసుకున్నాడు. దానికి క్లోరిన్ అని ఇంగ్లీషు శాస్త్రవేత్త డేవీ పేరు పెట్టింది 1810లో, ఆ రంగును బట్టే. మధ్యలో ఫ్రాన్సులో బెర్తొలే, ఇది బట్టలకు పనికొస్తుందే అనుకున్నాడు. పారిస్ పక్కన సీన్ నది ఒడ్డున జావెల్ అనే చోట 1789లో తయారైన క్లోరిన్ నీళ్ళను ఫ్రెంచి వాళ్ళు ఇప్పటికీ జావెల్ నీళ్ళనే అంటారు. అయితే నీళ్ళను బళ్ళ మీద ఎంత దూరమని మోస్తారు? 1799లో గ్లాస్గోలో టెనెంట్ అనే ఆయన క్లోరిన్‌ను సున్నానికి పట్టించి పొడి చేశాడు. మూట కట్టి ఓడ ఎక్కించవచ్చు. మా మంచం కింద జాడీలో ఉన్నది అదే. ఆ లెక్కన హాలండు పచ్చిక బయళ్ళు ఖాళీ చేయించిన పొడి, మా అమ్మ మాగాయిని కూడా ఖాళీ చేయించింది.

మా లెక్చరరు గారు ఒకరోజు రెండు జాడీల నిండా క్లోరిన్ పట్టి, ఒక దాంట్లో తడి మందారం, ఇంకో దాంట్లో బాగా ఎండిన మందారం వేశారు. పొడి వాయువులో ఎండిన పువ్వు అలాగే ఉంది. తడిది చూస్తుండగానే రెక్కల చివర్ల నుంచి పాలిపోయి, కాగితప్పువ్వులా అయిపోయింది. తెల్లబరిచేది నీళ్ళతో కలిశాకే, ఉత్త క్లోరిన్ కాదు. ఇంటికొచ్చి నాన్నకు చెబితే, "నా చొక్కాకు చెమట పట్టినప్పుడే ఎందుకు చుక్కలు పడతాయో ఇప్పుడు తెలిసింది" అన్నాడు.

మా ఇంట్లోకి బ్లీచ్ సీసా వచ్చింది కూడా ఆ రోజుల్లోనే. బందరు దుకాణంలో అమ్మే తెల్ల ప్లాస్టిక్ సీసా, లోపలున్నది కనపడదు. వెలుతురు తగిలితే బలం పోతుంది కాబట్టి అలా. మూతెడు బకెట్టు నీళ్ళలో వేసి పావుగంట నానబెడితే తెల్ల చొక్కా ఉబ్బకెళ్ళి వచ్చినట్టే. అమ్మ పట్టిందల్లా తెలుపు. పెరటి గచ్చు మీద పాచి, బాత్రూమ్ గోడ నలుపు, జేబులో కారిన ఇంకు, దిండు గలీబుల మీద నూనె జిడ్డు. ఇంకు మరక మాయమైనప్పుడు ఆవిడ మొహం చూడాలి. నా స్నేహితుడొకడు నా దగ్గర సీసా మూతలో కొంచెం పోయించుకెళ్ళి ప్రోగ్రెస్ కార్డు మీద ఎర్ర సిరా తుడిచాడు. మార్కులతో పాటు కార్డు గళ్ళు కూడా పోయాయి.

"తెల్లగా ఉన్నంత మాత్రాన శుభ్రం అయినట్టు కాదు" అని నాన్న. "శుభ్రంగా ఉన్నంత మాత్రాన కట్టుకోగలమా?" అని అమ్మ. నిజానికి ఇద్దరిదీ సగం సగమే. రంగు కణం విరిగిపోతే మరక కళ్ళకు కనపడదు, అంతే. ముందు సబ్బుతో ఉతక్కపోతే మురికే ఆ మందంతా తాగేస్తుంది. తుప్పు మరకకు అసలు పని చెయ్యదు. చెమట పట్టిన చంకలైతే ఇంకా పచ్చబడతాయి. ఇవన్నీ అమ్మ ఒక్కో జాకెట్టు పాడు చేసుకుని నేర్చుకుంది.

నేను నేర్చుకున్నది మాత్రం అమ్మ చీర పాడు చేసి. చిన్నాన్న పెళ్ళిలో అమ్మ మీగడ రంగు ధర్మవరం పట్టు మీద పులుసు ఒలికింది. ఎర్ర అంచు, సన్నటి జరీ. ఊరెళ్ళొచ్చేలోగా మరక తీసి అమ్మను ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. ఇంటర్ సెకండియర్, కెమిస్ట్రీలో క్లాసు ఫస్టు. ఆ పొగరు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పళ్ళెంలో రెండు మూతలు పోసి, కొద్దిగా నీళ్ళు కలిపి, మరక ఉన్నంత మేర ముంచాను. మరక పోయింది. పది నిమిషాలకు ఆ చోటు లేత పసుపుగా తిరిగింది. కంగారుపడి ఇంకో మూత పోశాను. పిండబోతే గుడ్డ వేళ్ళకు జిగటగా తగిలింది, గంజి ముద్దలా. ఎత్తేసరికి అరచేతి మేర చిల్లు. జరీ పోగులు మాత్రం వేలాడుతున్నాయి.

నాన్న తిట్టలేదు. రాత్రి ఒక గాజు గ్లాసులో ఆ సీసాలోదే నాలుగు వేళ్ళు పోసి, "నీ తలలోంచి నాలుగు వెంట్రుకలు పీకు" అన్నాడు. వేశాను. పైన ఒక పళ్ళెం మూసి కిటికీలో పెట్టాడు. తెల్లారి చూస్తే గ్లాసులో వెంట్రుకలు లేవు. "పత్తి చెట్టుది. పట్టు పురుగుది, ఉన్ని గొర్రెది, వెంట్రుక నీది. ఒంటి నుంచి వచ్చిన దాన్ని ఇది తినేస్తుంది. పురుగును చంపేది కూడా అందుకే" అన్నాడు. ఆ వాక్యం మా టెక్స్టుబుక్కులో ఎక్కడా లేదు. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మంచి భాగం కత్తిరించి చెల్లికి పరికిణీ కుట్టించింది. అంచు చాలక వెనక కుచ్చిళ్ళు పల్చగా వచ్చాయి.

ఇంకో తప్పు కూడా చెప్పుకోవాలి, ఇది చదివే వాళ్ళలో ఎవరైనా దసరాకో దీపావళికో బాత్రూమ్ కడుగుతారు కాబట్టి. ఉద్యోగం వచ్చాక హైదరాబాదులో అద్దె ఇల్లు. టాయిలెట్ పచ్చగా గార కట్టింది. ముందు యాసిడ్ పోశాను, పోలేదు. దాని మీదే బ్లీచ్ కుమ్మరించాను. బుస్సుమని నురగ, ఒక్క క్షణంలో గొంతులో కారం కూరినట్టయింది. తలుపు తీసుకుని పరిగెత్తి, మెట్ల మీద కూర్చుని అరగంట దగ్గాను. కిటికీ తెరిచి ఉండబట్టి సరిపోయింది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే నాన్న ముందు, "ఊపిరి ఆడుతోందా? డాక్టరుకు చూపించావా?" అని అడిగాడు. చూపించానన్నాక, "షీలే చేసిందే నువ్వూ చేశావు, క్లోరిన్ వాయువు. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో, జర్మన్లు సిలిండర్లలో మోసుకెళ్ళి వదిలింది కూడా అదే" అన్నాడు. కాసేపాగి, "ఆ యుద్ధంలోనే డేకిన్ అనే ఆయన బ్లీచ్‌ను బాగా పల్చగా కలిపి, అర శాతానికి తెచ్చి, సిపాయిల పుళ్ళు కడగడానికి ఇచ్చాడు. అన్నీ లెక్కలోనే ఉంటాయిరా. దేంతోనూ కలపకు, నీళ్ళు తప్ప" అన్నాడు. యాసిడ్ వద్దు, అమ్మోనియా ఉన్న క్లీనర్లు వద్దు. మా ఇంట్లో ఇప్పటికీ యాసిడ్ సీసా, బ్లీచ్ సీసా ఒకే అరలో ఉండవు.

1980లో, 92లో కృష్ణా పుష్కరాలకు బెజవాడ ఘాట్లలో డ్యూటీ వేశారు. రిటైరయ్యాక కూడా ఎక్కడ కొళాయి తిప్పినా ముందు వాసన చూసేవాడు. కర్నూలులో ఫ్యాక్టరీ వాళ్ళు ఉప్పు నీళ్ళలోకి కరెంటు పంపి క్లోరిన్ తీస్తారని, దాంతోనే ఈ పౌడర్లు చేస్తారని తెలిసినప్పుడు తెగ ముచ్చటపడ్డాడు. సీసాలో బ్లీచ్ పాతబడితే చివరికి మిగిలేది చాలావరకు ఉప్పు నీళ్ళేనని నేను చెబితే మాత్రం నవ్వలేదు. దివిసీమ గుర్తొచ్చిందేమో. ఆయన పోయి పదేళ్ళు దాటింది.

2020 ఏప్రిల్లో లాక్‌డౌన్‌కు నేను ఊళ్ళోనే చిక్కుబడిపోయాను, అమ్మ దగ్గర. పంచాయతీ ట్రాక్టరు వచ్చింది, వెనక ట్యాంకు, ఇద్దరు కుర్రాళ్ళు గొట్టాలతో. ఒక శాతం హైపోక్లోరైట్ (అంటే బ్లీచ్ నీళ్ళే) అని చెప్పి గోడలు, గుమ్మాలు, చెట్లు, రోడ్డు, దేన్నీ వదలకుండా కొడుతున్నారు. మనుషుల మీద కొట్టకూడదని కేంద్రం వాళ్ళు 18వ తారీఖున చెప్పారు గానీ, గొట్టం పట్టుకున్న కుర్రాడికి ఆ ఊపు ఆగదు. వాసన రాగానే అమ్మ అరుగు మీదకొచ్చేసింది.

"బాబూ, ఎంతకు ఎంత కలిపారు?"

"ట్యాంకుకు రెండు క్యాన్లండి మామ్మగారూ."

"ట్యాంకు ఎన్ని లీటర్లు?"

వాడు వెనక్కి తిరిగి డ్రైవరును చూశాడు. డ్రైవరు ఆకాశం చూశాడు.

"క్యాను ఎప్పటిది? మూత తీసి వాసన చూశావా? ఎండలో పెట్టారా?" అమ్మ వదలడం లేదు. "మట్టి రోడ్డు మీద పోస్తే మట్టే తాగేస్తుంది నాయనా, మీకు కూలి గిట్టదు. తలుపు గడియలు, కొళాయి తిప్పేవి, అవి తుడవండి. ఈయన ఉంటేనా..." అంది. నలభై ఏళ్ళు ఆ లెక్కల మీద విసుక్కున్న మనిషి. నేను తలుపు పక్కన నిలబడి వింటున్నాను.

"సరే మామ్మగారూ, కాస్త లోపలికి జరగండి, మీద పడుద్ది" అంటూనే వాడు గొట్టం తిప్పాడు. అప్పటికే పడింది. ముదురు నీలం నేత చీర, కొత్తది. నేను నీళ్ళు తెచ్చి కడిగేలోపే కుచ్చిళ్ళ దగ్గర రంగు విరగడం మొదలైంది.

మర్నాడు పొద్దున్నే అరుగు మీద కూర్చుని ఆ చీర ఒళ్ళో పరుచుకుని లెక్కపెడుతోంది. ఆవగింజంతవి నాలుగు, పెసరగింజంతవి మూడు.

"నాక్కూడా పోసిందిరా అమ్మవారు" అంది.